ముప్పై సీసాల వెలుగు

"అమ్మా! తొడిమలన్నీ తీసేశావా?"

మహిమ కేకకి పుల్లమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒళ్లో పళ్లెం నిండా ఎండు మిరపకాయలు, పక్కన తొడిమల కుప్ప.

"చూసుకోలేదే. కాయ చేతికొస్తే వేళ్లు వాటంతటవే తొడిమ మీదకి పోతాయి," అంది పుల్లమ్మ తప్పు చేసినదానిలా.

ముప్పై ఏళ్లుగా మిరపకాయలకు తొడిమలు తీసి బతికిన చెయ్యి. దాన్ని అని లాభం లేదు. పని మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. రిసెప్షన్‌లో భోజనాల బల్లల మీద పెట్టే దీపాలు డెకరేషన్ వాళ్లకి అప్పజెప్పకుండా తనే చేస్తానని మహిమ పంతం పట్టింది. ఖాళీ ఊరగాయ సీసాలు ముప్పై పోగేసింది. ఒక్కో సీసాలో పత్తి విచ్చుకున్న కొమ్మ, దానికి చుట్టిన బ్యాటరీ లైట్ల తీగ, సీసా మెడకి ఎర్రటి మిరపకాయల దండ. తొడిమ లేని కాయ దండకి నిలవదు సరికదా, గింజలు రాలుస్తుంది. హాల్లో ఫ్యాన్లు తిరిగాయంటే వచ్చినవాళ్లు దీవెనలకు బదులు తుమ్ములు కురిపిస్తారు.

"నువ్వు ముట్టుకోవద్దని పొద్దున్నే చెప్పానా? చేతులు మండుతాయి."

"ఈ చేతులకి కొత్తగా మండేదేముందే!"

"అయినా సరే. నాలుగు రోజుల్లో పెళ్లి పెట్టుకుని ఇవేం పనులు?"

ఈ గోల విని పక్కింటి జైతున్‌బీ తమ ఇంట్లోని మిరపకాయలు కొంగులో పోసుకుని వచ్చింది.

"ఇవి తొడిమలతోనే ఉన్నాయి. మీ అమ్మ కంటపడనీయకు," అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఉన్నదే ఇద్దరు. ఒకళ్లు వెళ్లిపోతే రెండో మనిషికి ముద్ద దిగుద్దా?"

పుల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "ఘాటు," అంది. ముప్పై ఏళ్లుగా లేని ఘాటు ఈరోజే ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

మహిమ తలొంచుకుని దండ గుచ్చుతూ కూర్చుంది. బుధవారం దాటితే ఈ వసారాలో ఇలా ఇద్దరూ కూర్చోవడం ఉండదు. తలుచుకుంటే గుండె చెరువవుతోంది. ఏడుద్దామంటే మొహం చెల్లడం లేదు. దర్శి ఊరి ఆయన్ని మొదట ఇంటికి తీసుకొచ్చింది తనే. నెమ్మదస్తుడు, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి. అమ్మ కుదరదంటే నెల రోజులు అలిగి, అన్నం మానేసి మరీ ఒప్పించింది. కోరి తెచ్చుకున్న ఎడబాటుకి ఎవరి దగ్గర ఏడుస్తుంది?

బయట మోటార్‌సైకిల్ ఆగింది. బాబాయి ప్రసన్నకుమార్. అతన్ని చూడగానే పుల్లమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"దీపాలు కూడా సిద్ధమన్నమాట!" అన్నాడు, చెప్పులైనా విప్పకుండా. "మా అన్న ఉంటే ఈ పెళ్లి జరగనిచ్చేవాడా?"

"నాన్న ఉంటే ఈ పెళ్లి మాటే వచ్చేది కాదు బాబాయ్."

"నువ్వే ఒప్పుకున్నావుగా! పర్చూరులో తలెత్తుకు తిరగలేకపోతున్నా. రేపు గుడిలో మూడో ప్రకటన. అయ్యగారు అడగ్గానే లేచి నిలబడతా."

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరముంటే చెప్పమంటారు. రెండు ఆదివారాలు ఎవరూ నోరు మెదపలేదు. మూడోసారి సొంత బాబాయే లేస్తే ఇంకేముంది, పెళ్లి ఆగినట్టే.

మహిమ సీసా పక్కన పెట్టింది.

"నాన్న పోయి పదకొండేళ్లు. ఈ గడప ఎన్నిసార్లు తొక్కావు బాబాయ్? నాకు జ్వరమొస్తే ఆసుపత్రిలో అమ్మ ఒక్కతే కూర్చుంది. అమ్మకొస్తే నేనొక్కదాన్నే కూర్చున్నా. నిలబడాల్సింది అప్పుడు."

ప్రసన్నకుమార్ వెనుదిరిగి బండి ఎక్కాడు.

మర్నాడు అయ్యగారు ప్రకటన చదివి, కళ్లద్దాల మీదుగా చూశారు.

"ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

మగవాళ్ల వైపు ప్రసన్నకుమార్ లేచాడు. గుడంతా అటే తిరిగింది. ఇన్నాళ్ల కష్టమంతా గంగలో కలిసిందనుకుంది మహిమ.

"చెప్పవయ్యా," అన్నారు అయ్యగారు.

అతను ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదండి. బుధవారం భోజనాలకి రెండు పొట్టేళ్లు నావి. అందరూ రావాలని చెబుదామని."

గుడంతా ఒక్కసారి నవ్వింది. మహిమ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

బుధవారం రిసెప్షన్‌లో ముప్పై సీసాలూ వెలిగాయి. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగనివాళ్లు లేరు. ఒక్కళ్లూ తుమ్మలేదు.

పొద్దుగూకే వేళకి దర్శి వెళ్లే కారు ఇంటి ముందుకొచ్చింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని వదల్లేదు. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక జైతున్‌బీ ఇద్దరి వీపులూ నిమిరింది.

"వేళకి తిను," అంది పుల్లమ్మ.

"నువ్వూ అంతే. రోజూ ఫోన్ చెయ్యి," అంది మహిమ.

ప్రసన్నకుమార్ తల పక్కకి తిప్పుకుని కారు తలుపు తీశాడు. కారు మలుపు తిరిగేదాకా వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

అమ్మ అత్తారింటికి వెళ్లిపోయింది.