కుడి చేతికి వదులు

"రేపు కప్పు మీవాడిదే, రాసిపెట్టుకో!" అంటూ పక్క సెలూన్ బావ చేతిలో దువ్వెనతోనే నా టైలరింగ్ షాపులోకి వచ్చేశాడు.

నేను మావాడి బైకు రేసు సూటు ఒళ్లో పెట్టుకుని, కుడి చేతి కుట్లు విప్పుతున్నాను. మందపాటి తోలు. బ్లేడు జారితే అంతే సంగతులు.

"ఆ పచ్చ బండివాడి మాటేంటి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"వాడా? మూడో మలుపుకే చేతులెత్తేస్తాడు. మీవాడి ధీమా చూడు! నిన్న అందరికీ ఎడమ చేత్తోనే సంతకాలు పెట్టాడు. కుడి చెయ్యి జేబులోంచి తీస్తే ఒట్టు. ఏం స్టైలు బావా!"

నేను ఇంకో కుట్టు తెంచాను.

"అదేంటి, చెయ్యి వదులు చేస్తున్నావు?"

"కండ పట్టాడులే."

"ఇంకేం మరి, గెలిచేసినట్టే!" ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున మావాడి చేతికి కొలత తీస్తుంటే టేపు కింద పిండికట్టు తగిలింది. మణికట్టు విరిగి నాలుగు రోజులైందట. ఈ ఒక్కసారికి మానెయ్యరా అని గడ్డం పట్టుకుని బతిమాలాను.

"నువ్వు వదులు చెయ్యకపోతే కట్టు కోసేసి తొడుక్కుంటా నాన్నా," అన్నాడు.