ఉండనన్న చుట్టం

చలికి బాతులు దిగే వేళయిందంటే మొసలిదొర చెరువులో నీటికోడి గుండెల్లో రాయి పడేది. ఏటా దాన్ని వెళ్లగొట్టి, దాని గూడునే చుట్టాలుగా వచ్చే బాతులకు పడకగా ఇచ్చేవాడు దొర.

ఆ ఏడూ బాతుల గుంపు దిగింది. "హాయిగా పడుకోండి, మీ మీద ఈగ వాలనివ్వను" అన్నాడు దొర.

పెద్ద బాతు పడక మీద కూర్చుంది. కడుపు కింద ఏదో వెచ్చగా తగిలింది. చూస్తే గుడ్డు! గట్టున నీటికోడి ఆ గుడ్డు వైపే మెడ చాచి చూస్తోంది.

"లేవండర్రా! ఒకరి కొంప ఖాళీ చేయించి పెట్టే మర్యాద మనకొద్దు" అంటూ బాతు తన గుంపును పక్క బురదగుంటకు తీసుకుపోయింది.

చుట్టాలే లేనప్పుడు పడకలెందుకు? దొర ముఖం మాడ్చుకుని నీట మునిగాడు. నీటికోడి గూడెక్కింది.

కొన్నాళ్లకు అది ఓ బుల్లి కూనను వెంటేసుకుని బురదగుంటకు వచ్చింది.

"తల్లీ, నువ్వు మా ఇంట ఉండనన్నావు గనకే వీడు పుట్టాడు. ఈసారి మేమే నీ ఇంటికి చుట్టాలం!"