కొమ్ము పిడి

"ఏటిది గురువులూ? మూడుసార్లు నొక్కినాను. మూడుసార్లూ టిక్కుమంది తప్ప పేలలేదు!"

కాశీవిశ్వనాథం పిస్టల్‌ని బల్లమీద పెట్టలేదు, పడేశాడు. అది చూసే గురువులుకి సగం ప్రాణం పోయింది. బరంపురంలో హోల్‌సేల్ చింతపండు వ్యాపారం చేసే ఈ పెద్దమనిషి, ఆ పిస్టల్‌ని ఎవరికైనా చూపించాలంటే ముందు పట్టుగుడ్డ పరిచే రకం. అలాంటిది ఇవాళ లాల్చీ చిరిగి ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఏటయింది బాబూ?"

"పొద్దున్న దిగపహండి ఎల్లినాను, మా జీడితోట సూడ్డానికి. పనసచెట్టు కింద భాలు, ఎలుగుబంటి! అదిగో, ఆ గుమ్మమంత దూరంలో. నన్ను సూసి రెండు కాళ్ళ మీద లేచింది. నానూ దీన్ని తీసినాను. టిక్కు, టిక్కు, టిక్కు!"

"మరి?"

"మరేటి, పరిగెట్టినాను. దానికి నాకన్నా పనసపండు ముద్దొచ్చింది కాబట్టి బతికినాను."

ఇంకోరోజైతే గురువులు పగలబడి నవ్వేవాడు. లైసెన్సు తుపాకులు బాగుచేసే కొట్టు అతనిది. ఈ పిస్టల్ సింగారాలన్నీ అతని చేతిమీదుగానే జరిగాయి. కంపెనీవాడు ఇచ్చిన ప్లాస్టిక్ పిడి చేతికి ఆనలేదని సావుకారు పర్లాకిమిడి వెళ్ళి గేదెకొమ్ము పలకలు చెక్కించి తెస్తే, అరచేతికి సరిపోయేదాకా అరగదీసి బిగించింది అతనే. ఆ కొమ్ము మీద బంగారుతీగతో 'కా.వి.' అని పొదిగించారు. ఆ బంగారం సావుకారు భార్య గౌరి వంకీ కరిగిస్తే వచ్చింది. పెట్టెలో ఊరికే పడుంది కదా అని ఆవిణ్ణి అడగనైనా అడగలేదు. గురి చూసుకునే మొన మీద ఎర్రచుక్క కావాలంటే ఆవిడ గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చాడు. లాల్చీ కింద ఉబ్బెత్తుగా కనపడకుండా నడుముకి అతుక్కునే తోలు ఒర కుట్టించాడు. ఇంత చేసినవాడు, వాడిన తూటాలకి లెక్క చెప్పాలన్న బద్ధకంతో ఒక్కటంటే ఒక్కటి కాల్చిన పాపాన పోలేదు.

"అలా సూస్తావేటి? విప్పి సూడు."

గురువులు పిస్టల్ ముట్టుకోలేదు. "విప్పక్కర్లేదు బాబూ. తూటాని వెనకనుంచి కొట్టే పిన్ను ఉంటాది. అది ఇందులో లేదు."

"సూడకుండా ఎలా సెప్తున్నావు?"

"నానే తీసినాను." గురువులు తల దించుకున్నాడు. "పిడి బిగించమని ఇచ్చినారు కదా, అప్పుడు. ఏడాది దాటింది."

కాశీవిశ్వనాథం అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎవడు తియ్యమన్నాడు? మా తమ్ముడా? సెప్పు!"

"అమ్మగారండీ. ఇక్కడే నిలబడి రెండు చేతులూ జోడించినారు. అంతటి మనిషి అలా బతిమాల్తే కాదనలేకపోనాను. ఎలాగూ మీరు కాల్చరు కదా అనీసి..."

చొక్కా పట్టుకున్న చెయ్యి దానంతటదే జారిపోయింది. తమ్ముడైతే నాలుగు తన్నేవాడు. పోటీ వ్యాపారి అయితే కోర్టుకి ఈడ్చేవాడు. గౌరిని ఏం చెయ్యాలి? ఇరవై మూడేళ్ళ కాపురం. ఈ ఏడాదంతా రోజూ పొద్దున్నే ఒర కట్టుకుంటుంటే వెనక బకిల్ పెట్టింది ఆవిడే. అది ఉత్త ఇనపముక్క అని తెలిసి, నోరు మెదపకుండా పెట్టింది. అతను పొద్దుటి భయమంతా మరిచిపోయాడు. ఈ మంట ఒక్కటే మిగిలింది.

ఇంటికి వెళ్ళేసరికి గౌరి పప్పులో తాలింపు వేస్తోంది. కాశీవిశ్వనాథం వంటింటి గుమ్మంలోనే నిలబడి, తోటలో జరిగిందీ గురువులు చెప్పిందీ గబగబా కక్కేశాడు.

"అది నన్ను సంపీసుంటే?"

గౌరి చేతిలో గరిటె ఆగింది. దెబ్బలేమైనా తగిలాయా అని అతణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. ఏమీ లేవని తేలాక స్టవ్ కట్టేసింది.

"నానే తీయించినాను" అంది.

"ఎంత నిబ్బరంగా సెప్తున్నావే! ఊరంతా నా దగ్గర పిస్టల్ ఉందని పక్కకి తప్పుకుంటంటే, నువ్వు వెనకాల నిలబడి నవ్వుకున్నావా?"

"నవ్వలేదండీ."

"మరేటి? కాఫీ ఆలస్యమైతే నీకేసి గురిపెట్టీవోణ్ణి, అందుకా? సరదాకి కదే! నువ్వూ నవ్వీదానివి కదా! ఏదో ఒకరోజు నిజంగానే కాల్చెస్తాననుకున్నావా?" ఎలుగుబంటి ముందు రాని ఏడుపు పెళ్ళాం ముందు వచ్చేసింది. "పరాయివాడు సేస్తే ఓర్సుకుందును గౌరీ. నువ్వు సేసినావు. ఇన్నేళ్ళు కలిసి బతికి, నా మీద ఇంతేనా నీ నమ్మకం?"

గౌరి కొంగుతో చేతులు తుడుచుకుంది. కుర్చీ లాగి అతణ్ణి కూర్చోబెట్టింది. గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి, తాగేదాకా ఆగింది.

"మీరు కాల్చరని నాకు తెల్సండీ. మీ మీద నాకు ఏ రోజూ అనుమానం లేదు."

"మరి ఎందుకు తీయించినావు?"

"నా మీద నాకు నమ్మకం లేక" అంది గౌరి. "గురువులుకి మీరు దాన్ని ఇచ్చే ముందురోజు మజ్జాన్నం, మీరు గుర్రెట్టి పడుకుంటే, మీ నుదిటికి ఆనించి నొక్కీసినాను. సేఫ్టీ మీట తీస్తేనే పేల్తాదని నాకప్పుడు తెల్దు."