కాళ్ళు లేని ఏనుగు ఫోటో

ఒక అడవిలో ఫోటోలు తీసే ముంగిస ఉండేది. ఉన్నది ఉన్నట్టు తీయడమంటే దానికి ప్రాణం.

ముసలి ఏనుగు మందరయ్యకు భార్య పోయింది. ఎలుగుబంటి జాలిపడి, మడుగు ఒడ్డున ఆవిడ బొమ్మను బంకమట్టితో నిలువెత్తున చేసిపెట్టింది. తొలకరికి బొమ్మ కరిగిపోతుందని మందరయ్యకు బెంగ పట్టుకుంది. ఫోటో తీసిపెట్టమని ముంగిసను బతిమాలాడు.

ముంగిస నీడ పడకుండా మిట్టమధ్యాహ్నం దాకా ఆగింది. ఊగొద్దని చెట్లను కసిరింది. కదిలితే ఊరుకోనని బొమ్మను కూడా హెచ్చరించింది. పగుళ్ళు, చీమలు, వీపు మీది కొంగ రెట్ట, అన్నీ ఫోటోలో పడ్డాయి.

మందరయ్య చాలాసేపు చూసి, "మట్టి బాగా వచ్చింది నాయనా," అన్నాడు.

ముంగిస ముఖం మాడిపోయింది. అంతలో ఒక కప్ప, "నేనూ ఒకటి తీస్తా తాతా," అంటూ కెమెరా లాక్కుని మడుగులోకి దూకింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉండి, నీరెండలో, నీళ్ళమీద తల మాత్రం తేల్చి, అక్కణ్ణించే నొక్కింది. ఫోటోలో కింది సగమంతా నీళ్ళే పడ్డాయి.

మర్నాడే వాన కొట్టి బొమ్మ కరిగిపోయింది. కప్ప తీసిన ఫోటోను మందరయ్య గుండెకు హత్తుకున్నాడు.

"ఇదేం ఫోటో! కాళ్ళేవీ?" అని ముంగిస గింజుకుంది.

"నీళ్ళలో ఉన్నాయి," అన్నాడు మందరయ్య.

ముంగిస కాళ్ళ కోసం ఫోటోను వెనక్కి తిప్పి చూసింది. అక్కడ దొరక్క, మళ్ళీ ముందుకు తిప్పి నీళ్ళలోకి తొంగిచూసింది.

మందరయ్య గబుక్కున చెవి అడ్డం పెట్టాడు. "సిగ్గులేదూ? ఆవిడ స్నానం చేస్తోంది!"

ముంగిస గిర్రున అటు తిరిగి కళ్ళు మూసుకుంది. "తప్పయిపోయిందవ్వా," అంది.