పద్దెనిమిది నిండాయి

"బానెట్ తెరవక్కర్లేదా?" అని అడిగింది నజీరా.

"అక్కర్లేదమ్మా. కంప్యూటర్ ఎట్లా చెబితే ఇంజన్ అట్లా నడుస్తుంది. మనం మార్చేది ఆ కంప్యూటర్‌నే" అంటూ శ్రీకృష్ణ స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు కేబుల్ తగిలించి, రెండో కొస లాప్‌టాప్‌కు పెట్టాడు. గుంటూరు ఆటోనగర్‌లో అతనిదొక రేకుల షెడ్డు. పదిహేనేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే పని.

స్క్రీన్ నిండా అంకెలు వచ్చాయి. నజీరా వంగి చూసింది.

"టర్బో ఎంత గాలి తొయ్యాలి, ఎంత పెట్రోలు పడాలి, అన్నీ ఇందులోనే రాసుంటాయి. కంపెనీవాళ్ళు అందరికీ సరిపోయేలా తక్కువలో పెడతారు. నేను కొంచెం పెంచుతాను."

"కొంచెం ఎందుకండీ? ఎంత పెరిగితే అంతా పెంచండి."

"అట్లా చేస్తే ముందు క్లచ్ పోతుంది, తర్వాత ఇంజన్ పోతుంది. ఓర్చుకున్నంత వరకే పెంచుతా. ఇంకోటి, కంపెనీ వారంటీ ఇక పనిచెయ్యదు."

"పోనివ్వండి."

శ్రీకృష్ణ పాత ఫైలు భద్రం చేసుకుని తలెత్తాడు. "పోటీకని అన్నారు. ఇంట్లో తెలుసా అమ్మా?"

"మిర్చి వేసింది నేను. అమ్మింది నేను. కారు కొన్నది నేను. పోటీ ఫారంలో పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలని రాశారు. నాకు నిండాయి. ఇంకెవరికి తెలియాలి?"

అతను నవ్వేసి పనిలో పడ్డాడు.

ఆమెకు లైసెన్స్ వచ్చి రెండేళ్ళు. పోయిన ఏడాది పొదిలి అవతల, వాడకం లేని రన్‌వే మీద ఒక కార్ల క్లబ్బు పెట్టిన పోటీకి వెళ్ళింది. నాలుగు వందల మీటర్లు. జెండా ఊపగానే కారు ఊపందుకోక మొరాయించింది. అందరికంటే వెనక వచ్చింది. "ఇంట్లో కూర్చోక ఎందుకీ పాట్లు" అని ఎవరో అనడం, పక్కవాళ్ళు నవ్వడం కారు అద్దం దించి ఉండటంతో వింది. ఆ నవ్వు ఏడాదిపాటు ఆమె చెవుల్లోనే ఉంది. ఈ ఆదివారం మళ్ళీ అదే పోటీ.

సాయంత్రం ఊరు చేరేసరికి కళ్ళంలో మిర్చి కుప్పలకు పట్టాలు కప్పుతున్నారు. అల్లాబక్షు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో మంచికైనా చెడ్డకైనా అతని మాటే చెల్లుతుంది.

"గుంటూరు ఎందుకెళ్ళావు?"

"కారు పని మీద."

"విన్నాను. స్పీడు పెంచే పనంట. ఏంటమ్మా ఇది? ఈ వయసులో చెయ్యాల్సిన పనులేనా ఇవి?"

"ఏ వయసులో చెయ్యాలో చెప్పు. అప్పుడే చేస్తా."

అల్లాబక్షు గొంతు పెంచాడు. "ఆదివారం పెళ్ళివారొస్తున్నారు. ఇంట్లో సంబంధం మాట్లాడుకునే రోజు నువ్వు రన్‌వే మీద మగపిల్లలతో పందెం వేస్తుంటే నేనేం చెప్పుకోను?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను కారు తోలానని పోయే సంబంధమైతే పోనీ."

"నీకేమన్నా అయితే?"

ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో కోపం లేదు. నజీరా అది గమనించింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"హెల్మెట్ ఉంది, బెల్టు ఉంది, అంబులెన్స్ ఉంటుంది. పొలం గట్టు మీద పాము కరిస్తే ఇవేమీ ఉండవు. అక్కడికి వెళ్ళొద్దని ఎప్పుడన్నా అన్నావా?"

అల్లాబక్షు ఆమె చేతిలోంచి తాళం తీసుకుని జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కారు కొన్నప్పుడు రెండు తాళాలు ఇచ్చారన్న సంగతి అతనికి గుర్తులేదు.

ఆదివారం ఎనిమిదింటికల్లా నజీరా రన్‌వే మీద ఉంది. ఇరవై రెండు కార్లు. తన వంతు కోసం హెల్మెట్ పెట్టుకుని, దాని నల్ల అద్దం దించుకుని వరసలో కూర్చుంది. ముందు రెండు కార్లున్నాయనగా తలుపు అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. అల్లాబక్షు. బైకు మీద వచ్చినట్టున్నాడు, జుట్టంతా దుమ్ము.

"దిగు."

"దిగను."

"పెళ్ళివారు పదకొండింటికొస్తారు. ఇంకా టైముంది. ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోదాం, దిగు."

"ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నా. ఇవాళ ఈ సీట్లో కూర్చుంటా. పక్కకు జరుగు, ముందు కారు కదిలింది."

అతను తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. నజీరా స్టీరింగ్ మీద చేతులు తియ్యలేదు. చివరికి అల్లాబక్షు చెయ్యి వదిలేసి, జనం నిలబడిన తాడు దగ్గరికి నడిచాడు.

జెండా లేచింది.

ఈసారి కారు మొరాయించలేదు. టైర్లు ఒక్క క్షణం కీచుమన్నాయి, ఆ తర్వాత సీటు వెనక నుంచి ఎవరో తోసినట్టు ముందుకు దూకింది. రెండో గేరు, మూడో గేరు. రన్‌వే పక్క ఎండుగడ్డి పసుప్పచ్చటి గీతలా వెనక్కి పోయింది. అల్లాబక్షు తాడును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. కారు చివరి గీత దాటి, నెమ్మదించి, భద్రంగా ఆగాకే వదిలాడు.

మైకులో నజీరా పేరు, టైము చెప్పారు. పదహారు పాయింట్ తొమ్మిది సెకన్లు. అప్పటికి మూడో స్థానం.

ఈలలు మోగాయి. అప్పుడే వచ్చి పక్కన నిలబడ్డ కుర్రవాడొకడు దూరంగా ఉన్న కారునూ, అందులోని హెల్మెట్‌నూ చూసి, "భలే తోలిందండీ. మీరు తలుపు దగ్గర మాట్లాడటం చూశా. మీ అమ్మాయా?" అని అడిగాడు.

అల్లాబక్షు మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"అమ్మాయి ఇంట్లో పెళ్ళివారి కోసం తయారవుతోంది. తోలింది మా అమ్మ."