అందరి ప్రింటర్

"ఇగ అయిపోయినట్టే మేడం. టెస్ట్ పేజీ వస్తే చాలు," అన్నాడు ప్రింటరు బిగించడానికి వచ్చిన రవికాంత్.

శ్రావణ్య తన సీట్లోంచి అటే చూస్తోంది. హాలు మధ్యలో కొత్త ప్రింటరు గుర్రుమని ఒక కాగితాన్ని బయటికి తోసింది. పక్క సీటు రాజకుమారి "అబ్బ, వచ్చింది!" అని చప్పట్లు కొట్టబోయి, శ్రావణ్య మొహం చూసి ఊరుకుంది.

గోదావరిఖనిలోని ఆ బొగ్గు గని ఆఫీసుకు ఇన్నాళ్లూ ఒకటే ప్రింటరు. అది శ్రావణ్య కంప్యూటరుకే ఉండేది. ఎవరికి ఏ ప్రింటు కావాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమె దగ్గర నిలబడాల్సిందే. కాంట్రాక్టు మీద ఆమెను పెట్టుకుందే ఆ పనికి. అన్ని కంప్యూటర్లూ కొత్త ప్రింటరుకు కలిసిన మరునాటి నుంచి ఆపరేటర్ అక్కర్లేదని ఆఫీసరు వామనరావు మొహం మీదే చెప్పేశాడు. భర్త త్రివిక్రమ్ పాఠాలు చెప్పే ప్రైవేటు బడి ఎండాకాలంలోనే మూతపడింది. ఇప్పుడు ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే. అది కూడా పోతే ఏం తినాలి, ఎక్కడ ఉండాలి?

ఇంతకీ ఈ ప్రింటరు తెప్పించిన మహానుభావుడు సీనియర్ క్లర్కు గోపాలరావు. కోస్తా నుంచి వచ్చి ఎన్నేళ్లయినా యాస మారలేదు, విసుగూ తగ్గలేదు. "ఒక్క కాగితం కోసం ఎంతసేపు నిలబడాలండీ?" అని పోయిన నెలంతా ఆఫీసరు ప్రాణం తీశాడు. దాంతో ఈమె ఉద్యోగం పోతుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు కూడా ఆయనదే హడావుడి. "కానివ్వవయ్యా, ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఇంకో ఐదు కంప్యూటర్లు సార్. జల్ది చేస్త," అంటూ రవికాంత్ పక్క గదిలోకి వెళ్లాడు. అంతలోనే అక్కడి నుంచి అరిచాడు. "ఏందిది? ఆఫ్‌లైన్ అంటుంది!"

రవికాంత్ పరుగున వచ్చి, కంప్యూటర్లన్నిటినీ ప్రింటరుకు కలిపే వైర్ల బాక్సును గోపాలరావు బల్ల కింద వంగి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. రాజకుమారి కంప్యూటరు నుంచి కొడితే పేజీ వచ్చింది. మళ్లీ పక్క గదిలోకి పోతే మళ్లీ ఆఫ్‌లైన్.

శ్రావణ్యకు లోలోపల సంతోషం, ఆ వెంటనే సిగ్గు. పాపం, పరాయి పిల్లగాడు చెమటలు కక్కుతుంటే తాను సంబరపడుడేంది? అయినా మనసు ఊరుకోవట్లేదు. ఇంకొక్కసారి ఆగిపోతే బాగుండునని దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలుళ్లకు కిటికీలు గడగడలాడాయి.

"దీనికే వైర్లు లూజైతున్నయేమో," అంది రాజకుమారి.

"లూజైతే చూసినప్పుడు కూడా లూజుగనే ఉండాలె గదక్కా? నేను అటు పోంగనే పోతది, ఇటు రాంగనే వస్తది. ఎవరో కావాలని చేస్తున్నట్టుంది," అన్నాడు రవికాంత్. అతని చూపు తిన్నగా వచ్చి శ్రావణ్య మీద ఆగింది.

"నేను ముట్టలేదన్నా! ఒట్టు!" అంది శ్రావణ్య.

గోపాలరావు కుర్చీలోంచి లేచాడు. "ఇదిగో అమ్మాయ్, నీకిక్కడేం పని? వెళ్లి సారు గదిలో కూర్చుని ఆ పాత ఫైళ్లు సర్దు. నేను పిలిచేదాకా ఇటు తొంగి చూశావంటే ఊరుకోను!"

అందరి ముందరా అంత మాట అంటాడా! కళ్ల నీళ్లు కుక్కుకుంటూ వెళ్లి వామనరావు ఎదురుగా కూర్చుంది. ఉన్నదే కొద్దిసేపు, ఆ కొద్దిసేపూ మర్యాదగా ఉండనీయొద్దా? ఈయనకు నేనేం పాపం చేసిన?

బయట గోపాలరావు మంచితనమంతా రవికాంత్ మీదే. "ముందు టీ తాగిరావయ్యా, కాస్త బుర్ర పనిచేస్తుంది" అని క్యాంటీనుకు పంపిస్తున్నాడు. తన బిస్కట్లు కూడా పెడుతున్నాడు.

సాయంత్రం రవికాంత్ తల పట్టుకుని లోపలికి వచ్చాడు. "మళ్లా పోయింది సార్. ఆ మేడమేమన్న..."

"ఈ అమ్మాయి మధ్యాహ్నం నుంచి నా ముందలనే ఉంది కదయ్యా," అన్నాడు వామనరావు చిరాగ్గా. "ఆమెనెందుకు అంటవ్?"

రవికాంత్ నాలిక కరుచుకున్నాడు. "ఈ బొగ్గు దుమ్ముకు బాక్సే ఖరాబైనట్టుంది సార్. రేపు కొత్తది పట్టుకొస్త. రేపు మాత్రం పక్కా."

రేపు పక్కా. శ్రావణ్య చేతిలో ఫైలు పక్కన పెట్టేసింది. ఇంటికి పోయి త్రివిక్రమ్‌కు ఏమని చెప్పాలె?

డ్యూటీ అయిపోయింది. రవికాంత్ బైకు గేటు దాటింది. వామనరావు జీపూ వెళ్లిపోయింది. శ్రావణ్య బ్యాగు సర్దుకుంటుంటే గోపాలరావు వస్తూ కనిపించాడు. మళ్లీ ఏం తిడతాడోనని ఆమె బిక్కచచ్చిపోయింది. రాజకుమారి ఎందుకో తలుపు దగ్గరే నిలబడి వరండా వైపు చూస్తోంది.

గోపాలరావు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"రేపు ఏ వైరు పీకమంటావమ్మా?"