ఎడారికి డ్రైవరు

"ఆయన్ని వ్యాను మీద చెయ్యి తియ్యమనండి. పెయింటు ఇంకా ఆరలేదు," అంది యోగిత వంటింటి కిటికీలోంచి.

రాఘవ్ గేటు దగ్గరికి పోయాడు.

అరవదేశంలోని పీలమేడులో ఆ వీధికంతా వింత ఆ వ్యాను. పాత టెంపో కొని, మంచం, పొయ్యి, కక్కసు అన్నీ అందులోనే కుక్కి క్యాంపర్ వ్యాను చేయించాడు రాఘవ్.

దాన్ని నిమురుతూ నిలబడి ఉన్నాడు ఒక ముసలాయన. నలిగిన చొక్కా, భుజాన రెక్సిన్ సంచి.

"మధురై నుంచేనా? దొరైసామి పంపినాడా?" అరవంలో అడిగాడు రాఘవ్. ట్రావెల్స్ దొరైసామి పంపుతానన్న డ్రైవరు కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాడు.

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"బండి తోలుతారు కదా?"

"జన్మంతా అదే పని," అన్నాడాయన, తనూ అరవంలోనే.

"అయితే రండి." ఎదుటివాడి జవాబు పూర్తిగా వినే ఓపిక రాఘవ్‌కి పుట్టుకతోనే లేదు.

వ్యానులో మడత బల్ల దించి మ్యాపు పరిచాడు.

"బెంగళూరు, పూణే, అహ్మదాబాద్. ఆ పైన జైసల్మేర్. అక్కడంతా ఎడారి."

"అంత దూరం ఎందుకు తంబీ?"

"మా అమ్మ కోసం. ఆమె అన్న, చిన్న వయసులోనే ఇంట్లో గొడవపడి తిరుమంగళంలో లారీ ఎక్కి పోయాడు. మళ్లీ రాలేదు. ఆ ఎడారి పక్కనెక్కడో ఉన్నాడని ఈమధ్య ఎవరో చెప్పారు. అమ్మకి గుండె ఆపరేషను చెయ్యాలి. అన్నని ఒక్కసారి చూస్తేగాని చేయించుకోనని మొండికేసింది."

అంతవరకూ ఊరికే కూర్చోలేదు రాఘవ్. మామ పాత ఫోటో కింద తన అడ్రసు వేసి, లారీల వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. ఒక్క జవాబూ రాలేదు.

ముసలాయన వేలు మ్యాపులో జైసల్మేర్ మీదే ఆగిపోయింది.

యోగిత టీ తెచ్చింది. ఆయన్ని ఎగాదిగా చూసి, భర్తతో తెలుగులోకి దిగింది.

అరవవాళ్ల ముందు తెలుగులో మాట్లాడుకోవడం ఆ ఇంటి అలవాటు. కూరగాయలాయన వచ్చినా, ప్లంబరు వచ్చినా అంతే. తెలుగు ఉండగా పక్కగదిలోకి పోవలసిన పనేముంది వాళ్లకి?

"ఈ ముసలాయన వద్దండి. చేతులు ఎట్ల వణకతా ఉండాయో చూడండి. దోవలో అత్తకి చేసే చాకిరి చాలదని ఈయనకి కూడా చెయ్యాలా?"

"కండ్లు బాగుంటే చాల్లే."

"సరే, నిజంగానే మీ మామ దొరికితే ఏమి చేస్తారు?"

"దొరకడు. రెండు ఊర్లలో ఫోటో చూపిస్తాం. అమ్మకి ఇసక చూపిస్తాం. మనసు కుదటపడతాది. వచ్చి ఆపరేషను చేసుకుంటాది."

"ఒకవేళ దొరికితే?"

"ఇన్నాళ్లు లేని మనిషిని తెచ్చి ఏ రూములో పెట్టేది? చచ్చిపొయినాడంట అని అమ్మకి చెప్పేస్తా. ఒక దినం ఏడుస్తాది, అంతే."

"ఛీ, అట్ల అనొద్దు, పావం," అంది యోగిత. అంటూనే నవ్వింది.

నిజానికి రాఘవ్ అంత చెడ్డవాడు కాదు. నోటికి ఏదొస్తే అది అనేస్తాడు, పని దగ్గరికొచ్చేసరికి మెత్తబడతాడు. కానీ ఆ సంగతి ఇంట్లో వాళ్లకే తెలుసు.

ముసలాయన టీ సగంలో వదిలేశాడు.

"అమ్మగారిని ఒకసారి చూడవచ్చా?" అరవంలోనే అడిగాడు.

"మాత్ర వేసుకుని పడుకుంది. బయల్దేరే రోజు చూద్దురుగాని."

ఆయన కొంతసేపు ఇంటి తలుపు వైపు చూశాడు. తర్వాత సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"నా వల్ల కాదు తంబీ. వేరే మనిషిని చూసుకోండి."

పీడ విరగడైందనుకుంది యోగిత.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గేటు చప్పుడైంది. నెరిసిన మీసాల మనిషి ఒకడు, లోపలి తెలుగు మాటలు విని తెలుగులోనే పలకరిస్తూ దండం పెట్టాడు.

"నా పేరు సంజీవి సార్. దొరైసామి అన్న పంపినాడు. లేటయింది, ఏమీ అనుకోవద్దండి."

"పొద్దున ఒకాయన్ని పంపినాడే?"

"నన్నొక్కడినే పంపినాడు సార్. ఓ, ఆ పెద్దాయనా? గాంధీపురం బస్టాండులో సేలం బస్సు కోసం కూచోనుండాడు. ఈ అడ్రసు అడిగితే, తాను ఇక్కడి నుంచే వస్తా ఉండానని దోవ చెప్పినాడు."

"ఆ అరవాయనా?" అంది యోగిత.

"అరవమా? నేను ఫోనులో తెలుగు మాట్లాడేది విని, మంచి తెలుగులో పలకరించినాడక్కా. మా అవ్వ మాట్లాడే తెలుగు."

వ్యానులో అన్న మాటలన్నీ రాఘవ్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. యోగిత తల ఎత్తలేకపోయింది. ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి, అన్నీ విని, ఒక్క మాట అనకుండా పోయాడు.

"ఇప్పుడు పోతే పట్టుకోవచ్చా?" అన్నాడు రాఘవ్ చెప్పులు వేసుకుంటూ.

"బస్సు అప్పుడే కదిలిపోయె సార్."

ఆ మాటలకి మెలకువ వచ్చి సౌందరమ్మ గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది.

"డ్రైవరు వచ్చినాడా? ఎప్పుడు బయల్దేరేది? మా అన్నని చూసేదాకా నాకేమీ కాదు నాయనా, నువ్వు ధైర్యంగా తోలు."

సంజీవి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకేమీ భయం వద్దమ్మా. బస్సు కదిలేటప్పుడు ఆ పెద్దాయన కిటికీలో నుంచి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పినాడు, 'మా చెల్లెలికి ఎండ పడదు, నీడ చూసి బండి నిలుపు' అని."